రాచకొండలో ఒక్క రోజులో ఐదు గుట్టలు: ప్లాన్ చూసి తప్పులుంటే చెప్పండి

గుట్టబాట
డిసెంబర్ మూడో వారంలో రాచకొండ వైపు ఒక పెద్ద నడక అనుకుంటున్నాం. ఆరుగురం. అందరం వారంలో నాలుగు రోజులు నడిచేవాళ్ళమే, గోల్కొండ మెట్లు ఆగకుండా ఎక్కగలం. కోట ఉన్న గుట్టతో మొదలుపెట్టి వరసగా ఐదు గుట్టల నెత్తికెక్కి అవతలి పక్క దిగాలని ఆలోచన. శాటిలైట్ బొమ్మ మీద గీత గీస్తే 21 కిలోమీటర్లు వచ్చింది, మొత్తం ఎక్కుడు 950 మీటర్లు. గంటకు 5 కి.మీ., ప్రతి 600 మీటర్ల ఎక్కుడుకు ఇంకో గంట అన్న నైస్మిత్ లెక్క వేస్తే ఆరు గంటల లోపే తేలింది. తిండికి, ఫోటోలకు ఇంకో గంట. పొద్దున తొమ్మిదికి బయల్దేరితే నాలుగుకల్లా అయిపోవాలి. మనిషికి రెండు లీటర్ల నీళ్ళు. అటు తిరిగినవాళ్ళు చూసి చెప్పండి.

ఉప్పల్_ఉదయం
తొమ్మిదికా? ఎల్బీనగర్ నుంచి బయల్దేరడమా, గుట్ట కింద నడక మొదలుపెట్టడమా?

గుట్టబాట
గుట్ట కింద నడక మొదలు.

కాంటూర్
నైస్మిత్ 1892లో ఆ లెక్క చెప్పింది స్కాట్లండ్ కొండల్లో సులువైన నడకకు. మన గుట్టల మీద బాట తక్కువ, గుండ్లు ఎక్కువ. గుండ్ల మధ్య కిలోమీటర్లతో లెక్క కుదరదు. నేలను మూడు రకాలుగా విడదీసి విడివిడిగా వేసుకోవాలి.

మీ గీతను నా మ్యాప్ మీద పెట్టి చూశాను. సుమారుగా బండి బాట 9 కి.మీ. ఉంది, గంటకు నాలుగున్నర చొప్పున 2 గంటలు. కంపల మధ్య కాలిబాట 7 కి.మీ., గంటకు 3 చొప్పున 2 గంటల 20 నిమిషాలు. బాటే లేని గుండ్లు 5 కి.మీ., అక్కడ గంటకు ఒకటింపావు వస్తే గొప్ప, అంటే 4 గంటలు. గుండ్ల వేగంలో ఎక్కుడు కలిసే ఉంది కాబట్టి మళ్ళీ కలపొద్దు. కాలిబాటల మీది ఎక్కుడు 400 మీటర్ల దాకా ఉంటుంది, దానికి 40 నిమిషాలు. కూడితే 9 గంటలు. గంటకు పది నిమిషాల ఆగుడు చొప్పున ఇంకో గంటన్నర. మొత్తం పదిన్నర గంటలు.

డిసెంబర్ మూడో వారంలో పొద్దు 6:40కి పొడుస్తుంది, 5:45కి కుంకుతుంది. చేతిలో ఉన్న వెలుతురే పదకొండు గంటలు. తొమ్మిదికి మొదలుపెడితే నాలుగో గుట్ట మీదే చీకటి పడుతుంది.

లష్కర్_లత
కాంటూర్ గారి లెక్కకు ఒకటి కలపాలి. ఆ 950 మీటర్లు ఎక్కడి నుంచి తెచ్చారు? ఫోన్ యాప్ ఇచ్చిన అంకె అయితే అది తక్కువే చూపిస్తుంది. యాప్‌లు చాలావరకు ఎస్‌ఆర్‌టీఎం ఎత్తుల మీద ఆధారపడతాయి. 2000లో అంతరిక్షం నుంచి రాడార్‌తో కొలిచినవి అవి, సుమారు 30 మీటర్లకు ఒక చుక్క. సర్వే ఆఫ్ ఇండియా 1:50,000 షీట్లలో మామూలుగా ఒక ఎత్తు గీతకు, దాని పక్క గీతకు మధ్య ఎత్తులో తేడా 20 మీటర్లు. పదిహేను మీటర్ల గుండు ఎక్కి, అటు దిగి, మళ్ళీ ఇంకోటి ఎక్కితే ఆ రెండింటిలో దేనిలోనూ కనపడదు. కాళ్ళకు మాత్రం తెలుస్తుంది. బండల గుట్టలకు నేనైతే వచ్చిన అంకె మీద ఐదో వంతు కలిపి వేసుకుంటాను.

గుట్టబాట
సర్వే షీట్ ఎక్కడ దొరుకుతుంది? నంబర్ ఏది?

లష్కర్_లత
సర్వే ఆఫ్ ఇండియా ఆన్‌లైన్ పోర్టల్‌లో పేరు నమోదు చేసుకుని దింపుకోవచ్చు. పాత నంబర్లలో మన హైదరాబాద్, రాచకొండ అంతా 56 కే (56K) షీట్ల కిందికి వస్తుంది. దింపాక వాగులు, కనుమలు పెన్సిల్‌తో దిద్దుకోండి. రెండు గుట్టల నడుమ కనుమ ఎంత లోతుందో చూస్తేనే ప్లాన్ బయటపడుతుంది. నూరు మీటర్లు దిగి మళ్ళీ నూరు ఎక్కాలంటే అది ఒక గుట్ట లెక్కే. దిక్సూచి తెస్తే మన దగ్గర అయస్కాంత ఉత్తరానికీ అసలు ఉత్తరానికీ తేడా చాలా తక్కువ, సరిదిద్దే పని పెట్టుకోకండి.

మంచాల_బాట
అన్నా, మ్యాపుల కన్నా ముందు ఒక మాట. పొద్దు పొడవకముందు చేన్ల నుంచి అడ్డంగా పోవద్దు. అడవి పందులకని కొందరు రాత్రి కరెంటు తీగ పెడ్తరు. తప్పే, కేసులు గూడ అయితయ్, అయినా పెడ్తనే ఉంటరు. చీకట్ల కనవడది. మోకాలి ఎత్తుల సన్నటి తీగ. బండి బాట మీదనే పోవాలె, గెట్టు దాటి చేన్ల కాలు పెట్టద్దు. ఉచ్చులు గూడ ఉంటయ్, అవి కంపల సందుల పెడ్తరు, పందులు తొక్కిన సన్న బాట కనిపిస్తే అదే మన బాట అనుకోవద్దు.

ఉప్పల్_ఉదయం
ఇది అందరూ రెండుసార్లు చదవాలి. నేను ఐదుకు హెడ్‌టార్చ్‌తో మొదలుపెట్టమని రాయబోతున్నా.

మంచాల_బాట
బండి బాట మీద టార్చ్‌తోని నడుస్తే ఏం కాదు. గుట్ట మొదట్లకు పోయి ఆగి, తెల్లారినంక ఎక్కుండ్రి.

బండమీద
నాకు ఈ ప్లాన్‌లో అసలు నచ్చింది వరసగా ఒక చివర నుంచి ఇంకో చివరకు పోవడమే. దాన్ని చెడగొట్టకండి. ఐదు కాకపోతే నాలుగు చేయండి, కానీ గీత గీతలాగే ఉండాలి. ఎక్కిన చోటే దిగితే కొండల వరస మీద నడిచినట్టు ఎట్లా అవుతుంది?

కాంటూర్
వరస నడకలో అందం ఉంది, కాదనను. కానీ ఆరుగురిలో ఒకరికి మూడో గుట్ట మీద మడమ మెలితిరిగితే బండి ఒక చివర, మీరు నడుమ. రెండు బండ్లు కావాలి, లేదా డ్రైవర్ కావాలి. పైగా రోజుకు సరిపడా నీళ్ళన్నీ మొదటి నుంచే మోయాలి. ఎనిమిది అంకె ఆకారంలో వేస్తే బండి నడుమ ఉంటుంది. పై సున్నాలో రెండు గుట్టలు చేసి బండి దగ్గరికి వస్తారు. నీళ్ళు నింపుకుంటారు, తింటారు, అలసినవాళ్ళు అక్కడే ఆగిపోతారు. కింది సున్నాలో మిగతావి.

బండమీద
బండి కనపడ్డాక మళ్ళీ గుట్ట ఎక్కాలని ఎవరికీ అనిపించదు. ఎనిమిది అంకెతో అసలు చిక్కు అదే. సగం గుంపు అక్కడే చెప్పులు విప్పుతుంది.

లష్కర్_లత
అందుకే కష్టమైన గుట్టలు మొదటి సున్నాలో పెట్టాలి. పైగా ఎండ సంగతి కూడా ఉంది. పడమర, నైరుతి మొహం ఉన్న బండలు మధ్యాహ్నం రెండు నుంచి పొద్దు కుంకే దాకా కాలుతూనే ఉంటాయి. డిసెంబర్ అయినా చెయ్యి పెడితే తెలుస్తుంది. అటువైపు ఎక్కుళ్ళు పది లోపల ముగించి, మధ్యాహ్నానికి తూర్పు వాలు ఉంచుకుంటే నీడ దొరుకుతుంది.

సైనిక్‌పురి_డాక్టర్
రెండు లీటర్లు చాలవు. చల్లని రోజైనా ఎక్కుతూ ఉంటే గంటకు అర లీటరు దాకా పోతుంది, ఎనిమిది గంటలకు నాలుగు లీటర్లు. అందులో కనీసం లీటరున్నర ఓఆర్‌ఎస్ కలిపినవి ఉండాలి. 20.5 గ్రాముల ప్యాకెట్ ఒకటి సరిగ్గా ఒక లీటరుకు. సగం ప్యాకెట్ సగం సీసాలో కళ్ళతో చూసి పోయకండి. చిక్కగా అయితే విరేచనం అవుతుంది, దాహం ఇంకా పెరుగుతుంది. ప్యాకెట్ లేకపోతే లీటరు నీళ్ళకు ఆరు సమానపు చెంచాల చక్కెర, అర చెంచా ఉప్పు. చెంచా అంటే టీ చెంచా.

ఉప్పు లేకుండా ఉత్త నీళ్ళే లీటర్లకు లీటర్లు తాగడమూ ప్రమాదమే. రక్తంలో సోడియం తగ్గితే తలనొప్పి, వాంతి, మతి తప్పినట్టు ఉండడం. చూసేవాళ్ళు వడదెబ్బ అనుకుని ఇంకా నీళ్ళు తాగిస్తారు. దాహమైనప్పుడల్లా కొంచెం కొంచెం తాగాలి, ఉప్పు ఉన్న తిండి తినాలి. సకినాలు, కారప్పూస, పులిహోర అన్నీ పనికొస్తాయి.

నారపల్లి_నడక
పులిహోర ఎండలో ఏడెనిమిది గంటలు నిలుస్తుంది, పెరుగన్నం నిలవదు. పల్లీపట్టి జేబులో పెట్టుకోండి, గంటకొకటి. గుట్ట మీద కూర్చుని కడుపు నిండా తింటే తర్వాతి ఎక్కుడు నరకం.

గుట్టబాట
గుట్టల మీద దొనల్లో, అంటే బండల మీది గుంటల్లో, నీళ్ళు ఉంటాయి కదా, ఫిల్టర్ పట్టుకుపోతే?

మంచాల_బాట
డిసెంబర్‌ల కొన్నిట్ల ఉంటయ్. పశువులు తాగే నీళ్ళు. ప్లాన్‌ల రాసుకోవద్దు. తలకు రుమాలు తడుపుకోనీకి పనికొస్తయ్.

ఫ్రిక్షన్
బండల సంగతి ఎవరూ గట్టిగా చెప్పలేదు. పరుపుబండ పొడిగా ఉంటే రబ్బరు బూటు వాలు మీద కూడా బాగా పట్టుకుంటుంది, అందుకే జనం ధైర్యంగా ఎక్కేస్తారు. దిగేటప్పుడు సమస్య. ఎక్కేటప్పుడు చేతులు, కళ్ళు ముందుంటాయి. దిగేటప్పుడు పాదం పెట్టే చోటు కనపడదు. చేతులు వాడి ఎక్కాల్సిన బండ వస్తే రెండు మీటర్లు ఎక్కి, అక్కడి నుంచి దిగి చూడండి. దిగలేకపోతే ఆ దారి వదిలేయండి.

ఇంకొన్ని. నల్లటి చారలు అంటే వాన నీళ్ళు జారిన చోటు, ఎండిన పాచి ఉంటుంది, పొద్దుటి మంచుకు తడిస్తే సబ్బులాగా జారుతుంది. బండ మీద ఉల్లిపొరల్లా లేచిన పెచ్చులుంటాయి, తడితే డొల్ల మోత వస్తుంది, వాటి అంచు మీద బరువు వేయొద్దు. గుండ్ల సందులు గడ్డితో మూసుకుపోయి నేలలా కనపడతాయి, ముందు కర్రతో పొడిచి చూడాలి. గుండు ఇంటంత ఉన్నా కదలదని అనుకోవద్దు, చిన్న రాళ్ళ మీద నిలబడినవి ఉంటాయి.

వాలు బండ మీద వంగి చేతులతో పాకితే బరువు బూటు మీది నుంచి తప్పిపోతుంది. నిటారుగా నిలబడి మొత్తం అరికాలు ఆనించాలి. కొత్తవాళ్ళు ఇది ఒక్కటి నేర్చుకుంటే సగం జారుడు తగ్గుతుంది.

బండమీద
ఇరవై మీటర్ల తాడు ఒకటి తీసుకుపోతే మంచిది కదా.

ఫ్రిక్షన్
వాడడం తెలిసినవాళ్ళు ఇద్దరుంటేనే. లేకపోతే తాడు ఉందన్న ధైర్యంతో ఎక్కకూడని చోటికి ఎక్కుతారు. చెట్టుకు కట్టి చేత్తో పట్టుకుని దిగడం తాడు వాడడం కాదు, చెయ్యి జారితే అంతే. నేర్చుకోవాలంటే భువనగిరి గుట్ట దగ్గర రాక్ క్లైంబింగ్ నేర్పుతారు. 2014 మే 25న ఎవరెస్ట్ ఎక్కిన మాలావత్ పూర్ణ, ఆనంద్ కుమార్ మొదట శిక్షణ తీసుకున్నది అక్కడే.

ఉప్పల్_ఉదయం
భువనగిరి సాధనకు కూడా బాగుంటుంది. ఒకే ఏకశిల, 500 అడుగులకు పైనే, అంటే 150 మీటర్లు. నాలుగుసార్లు ఎక్కి దిగితే 600 మీటర్లు. సికింద్రాబాద్ నుంచి రైల్లో పోవచ్చు. కోట తెరిచే వేళ చూసుకుని పొండి.

నారపల్లి_నడక
ప్రతి వారం అంత దూరం పోలేనివాళ్ళకు అపార్ట్‌మెంట్ మెట్లున్నాయి. అంతస్తుకు 3 మీటర్లు. పది అంతస్తులు ఇరవైసార్లు ఎక్కితే 600 మీటర్లు. వీపున ఐదు కిలోల బియ్యం సంచి. దిగేటప్పుడు మోకాళ్ళు పాడవకుండా లిఫ్ట్‌లో దిగండి.

ఫ్రిక్షన్
లిఫ్ట్ వద్దు. గుట్టల మీద మోకాలు పట్టేసేది దిగుడులోనే. తొడ కండరం సాగుతూ బరువు ఆపడం దానికి అలవాటు కావాలి, అది దిగితేనే వస్తుంది. మొదటి వారం ఐదుసార్లు దిగండి, వారానికి మూడు నాలుగు పెంచండి. మోకాలి చిప్ప కింద నొప్పి వస్తే ఆ రోజుకు ఆపేయాలి. నడకకు పది రోజుల ముందు చివరి పెద్ద సాధన, తర్వాత తేలిక నడకలే.

సైనిక్‌పురి_డాక్టర్
ఫ్రిక్షన్ గారితో ఏకీభవిస్తాను. ఇప్పటికే మోకాలి అరుగుదల ఉన్నవాళ్ళు మాత్రం లిఫ్ట్‌లోనే దిగాలి, వాళ్ళు ఐదు గుట్టల జోలికి పోకూడదు కూడా.

ఇక తేనెటీగలు. గుట్టల్లో పాము కన్నా నాకు వీటి భయం ఎక్కువ. వేలాడే బండ కింద నల్లటి అర్ధచంద్రంలా పట్టు కనిపిస్తే దూరం నుంచే పక్కకు తప్పుకోవాలి. సెంటు, సిగరెట్ పొగ, కేకలు, డ్రోన్ మోత ఏవీ వద్దు. ఒక్కటి కుట్టినా ఆ వాసనకు మిగతావి వస్తాయి. చేతులు ఊపకుండా ముఖం కప్పుకుని పరుగెత్తాలి, కొన్ని వందల మీటర్లు ఆగకుండా. గుండ్ల మీద పరుగు కుదరదు, కంపలోకి దూరడమే మేలు. నీళ్ళలో దూకితే పైనే తిరుగుతూ ఉంటాయి. ముల్లును గోటితోనైనా సరే వెంటనే తీసేయాలి, ఎలా తీశామన్నది కాదు, ఎంత త్వరగా అన్నదే ముఖ్యం. ఒళ్ళంతా దద్దుర్లు, పెదాలు వాపు, ఊపిరాడకపోవడం ఉంటే అది నిమిషాల వ్యవహారం. అలర్జీ ఉందని తెలిసినవాళ్ళు ముందే తమ డాక్టర్‌ను కలిసి అడ్రినలిన్ ఇంజెక్షన్ గురించి మాట్లాడాలి.

పాము కాటుకు చేయాల్సింది తక్కువ. కోయొద్దు, పీల్చొద్దు, గట్టిగా కట్టొద్దు. ఉంగరం, గడియారం తీసేసి, కాలిని కర్రతో కదలకుండా కట్టి, మనిషిని నడిపించకుండా మోసుకుని దింపాలి. నాగుపాము, కట్లపాము, రక్తపింజర, చిన్న పింజర నాలుగింటికీ పనిచేసే మందు ఒకటే. కాబట్టి పామును పట్టుకునే ప్రయత్నం వద్దు. ఆరుగురిలో ఒకరిని మోయాలంటే మిగతా ఐదుగురూ కావాలి. గుంపు విడిపోవద్దనేది అందుకే.

మంచాల_బాట
చలికాలం పొద్దున పాములు బండల మీద ఎండ కాగుతయ్. చెయ్యి పెట్టే ముందల చూడాలె. ఇంకా దూలగొండి సంగతి ఎవ్వరు చెప్పలే. డిసెంబర్, జనవరిల కాయలు ఎండి నూగు గాలికి లేస్తది. తీగె మీద గోధుమ రంగు మఖమల్ లెక్క కాయలు గుత్తులు గుత్తులు కనిపిస్తే గాలి ఎటుందో చూసి పక్క నుంచి పోవాలె. మీద పడ్డంక గోకద్దు, గోకితే ఇంకా లోపలికి పోతది.

లష్కర్_లత
ప్లాస్టర్ టేప్ అంటించి లాగితే నూగు వచ్చేస్తుంది. అదే టేప్ మడమ మీద ఎర్రబడిన చోట బొబ్బ లేవకముందే అంటించుకోవడానికి పనికొస్తుంది. రెండు పనులకూ ఒకే చుట్ట. పరికి కంపకు పలచటి ట్రాక్ ప్యాంటు నిలవదు, గట్టి కాటన్ ప్యాంటు, పొడుగు చేతులు ఉండాలి.

చరిత్ర_చెరువు
కోట గుట్ట మీద ఒక జాగ్రత్త. రేచర్ల పద్మనాయకుల రాజధాని అది, 14వ శతాబ్దం నాటిది. గోడల్లో ఎక్కువ భాగం సున్నం లేకుండా పెద్ద రాళ్ళు ఒకదాని మీద ఒకటి పేర్చినవే. చూస్తే కదలనట్టే ఉంటాయి. దగ్గర దారి కదా అని వాటి మీదికెక్కితే మీకూ ప్రమాదం, గోడకూ నష్టం. గుప్తనిధుల కోసం తవ్వి వదిలేసిన గుంతలు గుళ్ళ చుట్టూ, గడపల దగ్గర ఉంటాయి, గడ్డి కప్పేసి ఉంటుంది. శిథిలాల మధ్య ఎవరూ వెనక్కి నడుస్తూ ఫోటోలు తీయొద్దు.

అమీర్‌పేట్_రాజు
ఇంత తంటా ఎందుకు, నల్లమలకు పోండి. అక్కడైతే అసలైన కొండలు.

కాంటూర్
అమ్రాబాద్ పులుల అభయారణ్యం అది. ఇష్టమొచ్చినట్టు కాలినడకన తిరగడానికి లేదు. ఫర్హాబాద్ వైపు అటవీ శాఖ సఫారీ బండి ఉంది, సలేశ్వరం దారి చైత్ర పౌర్ణమి జాతర రోజుల్లో తెరుస్తారు. సొంతంగా గుట్టల వరస వేయడానికి అది చోటు కాదు.

రాచకొండలో కూడా రిజర్వ్ ఫారెస్ట్ హద్దులున్నాయి. 1967 అటవీ చట్టం ఇక్కడా వర్తిస్తుంది. మీ గీత అటవీ శాఖ వాళ్ళ ఏ బీట్‌లోంచి (గార్డు కాపలా కాసే భాగం) పోతుందో చూసి ముందే రేంజ్ ఆఫీసులో కాగితం ఇచ్చి అనుమతి అడగండి. పేర్లు, బండి నంబరు, ఎక్కే వేళ, దిగే వేళ. మంట పెట్టొద్దు, డిసెంబర్‌కు గడ్డి ఎండి ఉంటుంది.

ఉప్పల్_ఉదయం
అదే కాగితం నకలు ఇంట్లో ఒకరికి ఇవ్వండి. ఏ టైమ్ దాటితే ఫోన్ చేయాలి, ఎవరికి చేయాలి రాసి ఉండాలి. గుట్టల నడుమ సిగ్నల్ పోతుంది, కనుమల్లో అసలు ఉండదు. నెత్తి మీదికెక్కినప్పుడల్లా ఒక మెసేజ్. 112కు చేస్తే మీ సిమ్ కాకపోయినా అందిన నెట్‌వర్క్ ఏదైనా పట్టుకుంటుంది. మీరున్న చోటుకు ఫోన్ చూపించే అక్షాంశం, రేఖాంశం, అంటే 17తో, 78తో మొదలయ్యే రెండు అంకెలు చదివి చెప్పడం ఆరుగురికీ రావాలి, ఒక్కరికి వస్తే చాలదు. మ్యాప్ రెండు ఫోన్లలో ఆఫ్‌లైన్‌లో ఉండాలి.

గుట్టబాట
అన్నీ పెట్టుకుని మళ్ళీ గీశాను. ఎనిమిది అంకె, బండి నడుమ. మొదటి సున్నాలో కోట గుట్ట, దాని పక్కది. రెండో సున్నాలో తూర్పు వాలున్న గుట్ట. నాలుగోది వీలైతేనే. ఐదోది తీసేశాను. మూడు గుట్టలకు బండి బాట 7 కి.మీ., కాలిబాట 5, గుండ్లు 3. కాంటూర్ గారి వేగాలతో 5 గంటల 40 నిమిషాలు, కాలిబాట ఎక్కుడుకు అరగంట, ఆగుళ్ళకు గంట. 7 గంటల 10 నిమిషాలు. 6:40కి మొదలు. సున్నాకు మనిషికి రెండున్నర లీటర్లు, బండిలో ఇంకో పది లీటర్లు. నాలుగో గుట్టకు గంటన్నర అవుతుంది.

కాంటూర్
ఇది నడిచే ప్లాన్. నాలుగో గుట్ట నిర్ణయం ఎప్పుడు, ఎక్కడ అన్నది ఇప్పుడే రాయండి. గుట్ట మొదట్లో నిలబడి ఆలోచిస్తే అందరూ పోదామనే అంటారు. మూడో గుట్ట దిగాక ఒంటిగంటన్నర దాటితే నేరుగా బండికి. ఎవరూ చర్చ పెట్టకూడదు.

బండమీద
రెండు కూడా చాలు కదా? నాలుగుకు బండి దగ్గర ఉంటారు, పొద్దు కుంకేది 5:45కి.

కాంటూర్
చాలదు. ఆ గంటా నలభై ఐదు నిమిషాలు మడమ మెలితిరిగిన మనిషిని దింపడానికి. కిలోమీటరు గుండ్లకే అంత పడుతుంది.

లష్కర్_లత
గుంపులో అందరికన్నా నిదానంగా నడిచేవాళ్ళను రెండో స్థానంలో ఉంచండి, చివర్లో కాదు. చివర్లో ఉంటే వాళ్ళు చేరేసరికి మిగతావాళ్ళు లేచి బయల్దేరతారు, వాళ్ళకు ఆగుడే దొరకదు. చివర నడిచేవాళ్ళకు దారి తెలిసుండాలి.

గుట్టబాట
కర్రలు రెండు తేవాలా, ఒకటా?

ఫ్రిక్షన్
బండి బాటకు, దిగుడుకు రెండూ మంచివే. గుండ్ల మీద మాత్రం మడిచి సంచికి కట్టేయండి, చేతులు ఖాళీగా ఉండాలి. ఇనుప మొనకు రబ్బరు టోపీ తొడగండి, ఉత్త ఇనుము పరుపుబండ మీద జారుతుంది.

మంచాల_బాట
ఒక కర్ర చేతుల ఉంచుకోండ్రి అన్నా, తండాల దగ్గర పొద్దుగాల కుక్కలు వస్తయ్. కొట్టద్దు, ఊరకె కిందికి పట్టుకోని నిదానంగ నడిస్తే అవే ఆగిపోతయ్. బండి ఎవరి ఇంటి ముందల ఆపుతరో వాళ్ళకు చెప్పి పోండ్రి, ఏ గుట్టకు పోతున్నరో గూడ చెప్పుండ్రి. మాపటికి రాకపోతే మొదలు లేచి వచ్చేది వాళ్ళే.